మాట నేర్పే పని ఎవరిది? పుదుచ్చేరిలో థెరపీ గది బయటే ఆగిపోతున్న అమ్మానాన్నలు

పుదుచ్చేరి లాస్‌పేటలోనో రెడ్డియార్‌పాళయంలోనో అద్దెకుంటున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. ఉద్యోగం మీద యానాం నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో గోదావరి తెలుగు. పక్కింట్లో, కూరగాయల బండి దగ్గర, అంగన్‌వాడీలో తమిళం. పిల్లాడు అన్నం తినేటప్పుడు ఫోన్‌లో ఆడే రైమ్స్ ఇంగ్లిష్‌వి. వాడికి మూడేళ్లు నిండబోతున్నాయి. ‘అమ్మ’, ‘తాత’, ‘పో’, ‘బువ్వ’... వేళ్ల మీద లెక్కపెడితే పది మాటలు దాటవు. ఏదైనా కావాలంటే పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళతాడు.

విషయం ఊరికి చేరగానే అమ్మమ్మ అడిగే మొదటి ప్రశ్న: ‘వస పోశారా?’ రెండో మాట ఓదార్పు: ‘మేనమామ పోలికేనే. మీ అన్నయ్య నాలుగేళ్లకు గానీ నోరు విప్పలేదు, ఇప్పుడు ఆపగలమా?’ పక్కింటి తమిళ అవ్వ కూడా దాదాపు అదే చెబుతుంది. అక్కడ దాని పేరు వసంబు, అంతే తేడా. గలగలా మాట్లాడే పిల్లను ‘వసపిట్ట’ అనడం తెలుగువాళ్లకు ఎంత ముద్దో, వస గంధం నాకిస్తే మాటలొస్తాయన్న నమ్మకం అంత గట్టిది. వస వల్ల మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు. కానీ ఈ సలహాల వల్ల జరిగే అసలు నష్టం వసలో లేదు, ‘ఇంకో ఏడాది చూద్దాం’ అన్న వాయిదాలో ఉంది.

ఆ ఏడాది గడిచాక ఎవరో ఒకరు స్పీచ్ థెరపీకి తీసుకెళ్లమంటారు. వారానికి రెండుసార్లు, ముప్పావుగంట చొప్పున. తలుపు మూసుకుంటుంది. లోపల థెరపిస్టు, పిల్లాడు, బొమ్మలు. బయట బెంచీ మీద అమ్మ. ముప్పావుగంట తర్వాత తలుపు తెరుచుకుని ‘ఇంట్లో బాగా మాట్లాడిస్తూ ఉండండి’ అన్న ఒక్క మాట వినిపిస్తుంది. ఎలా మాట్లాడించాలో మాత్రం ఆమెకు ఎవరూ చూపించరు.

గంటన్నర, ఎనభై నాలుగు గంటలు

లెక్క చాలా సులువు. వారానికి రెండు ముప్పావుగంటలంటే గంటన్నర. మూడేళ్ల పిల్లాడు రోజుకు పన్నెండు గంటలు మెలకువగా ఉంటాడనుకున్నా వారానికి 84 గంటలు. మిగిలిన ఎనభై రెండున్నర గంటలు పిల్లాడితో ఉండేది ఇంట్లోవాళ్లు. అంగన్‌వాడీకి కొన్ని గంటలు పోయినా, చిన్నపిల్లలు మాట నేర్చుకునేది ఎక్కువగా స్నానం, అన్నం, బట్టలు, బజారు, నిద్ర మధ్యే. అందుకే చాలా దేశాల్లో ఈ రంగం థెరపిస్టు పిల్లాడికి నేర్పడం నుంచి, థెరపిస్టు తల్లిదండ్రులకు నేర్పడం వైపు జరుగుతూ వచ్చింది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. వినికిడి లేని కొడుకున్న లూయిస్ ట్రేసీ 1942లో లాస్ ఏంజెలిస్‌లో జాన్ ట్రేసీ క్లినిక్ మొదలుపెట్టినప్పుడే, అక్కడ పాఠాలు పిల్లలకంటే ముందు తల్లులకు. దూరాన ఉన్నవాళ్లకు ఆ పాఠాలు పోస్టులో వెళ్లేవి. 1975లో కెనడాలో అయాలా హానెన్ మనోల్సన్ అనే స్పీచ్ థెరపిస్టు, మాటలు ఆలస్యమైన పిల్లల తల్లిదండ్రులను ఒక బృందంగా కూర్చోబెట్టి శిక్షణ ఇవ్వడం ప్రారంభించారు. అదే తర్వాత హానెన్ సెంటర్ అయింది. ఇంతదూరం వెళ్లక్కర్లేదు. చెన్నైలోని బాల విద్యాలయ 1969 నుంచి వినికిడి లోపం ఉన్న పసిపిల్లలతో పనిచేస్తోంది. అక్కడ తల్లి తరగతి గదిలో పిల్లాడి పక్కనే కూర్చుంటుంది. బయట బెంచీ మీద కాదు.

చెప్పడం వేరు, చేయించడం వేరు

కోచింగ్ అనగానే మనకు గుర్తొచ్చేది బోర్డు ముందు ఉపన్యాసం. ఇది అలాంటిది కాదు. అమ్మ పిల్లాడితో ఐదు నిమిషాలు ఆడుతుంది. థెరపిస్టు చూస్తుంది, కొన్నిసార్లు ఫోన్‌లో వీడియో తీస్తుంది. తర్వాత ఇద్దరూ కూర్చుని ఆ వీడియో చూస్తారు. తప్పులు ఏరడానికి కాదు. ‘ఇక్కడ మీరు ఆగారు, చూడండి, వాడు మీ వైపు తిరిగాడు’ అని పట్టి చూపించడానికి.

ఎందుకంటే మాటలు రాని పిల్లాడున్న ఇంట్లో పెద్దవాళ్లు సాధారణంగా రెండే పనులు చేస్తారు. ఒకటి, పరీక్ష పెట్టడం. ‘ఇదేంటి? ఇదేంటి? ఆవు అను. అను నాన్నా, ఆ...వు...’ పిల్లాడు మొహం తిప్పుకుంటాడు. రెండోది, వాడు అడగకముందే అన్నీ అందించేయడం. కాళ్ల దగ్గరికి చెప్పులు, నోటి దగ్గరికి ముద్ద. మొదటిదాంట్లో మాట భయం అవుతుంది, రెండోదాంట్లో మాటతో అవసరమే ఉండదు. రెండూ ప్రేమతోనే చేస్తారు, అదే చిక్కు.

కోచింగ్‌లో నేర్పేవి పైకి చాలా చిన్నవి. పిల్లాడి ఎదురుగా, వాడి కళ్లకు సమానంగా నేల మీద కూర్చోవడం. వాడు చూస్తున్న వస్తువు గురించే మాట్లాడటం. ప్రశ్నలు తగ్గించి, జరుగుతున్నది చెప్పడం: ‘నీళ్లు పోస్తున్నా. చల్లగా ఉన్నాయ్. కాలు ఏదీ... ఇదిగో కాలు.’ ఒక మాట అన్నాక మనసులో పది లెక్కపెట్టే వరకూ ఆగడం. తల్లిదండ్రులకు అన్నిటికంటే కష్టమైనది ఈ ఆగడమేనని ఈ పని చేసేవాళ్లు చెబుతుంటారు. పిల్లాడు ‘బువ్వ’ అంటే ‘వేడి బువ్వ’ అని ఒక్క మెట్టు పైకి వేసి తిరిగి అందించడం. రెండు చేతుల్లో రెండు పట్టుకుని ‘అరటిపండా, బిస్కెట్టా?’ అని ఎంచుకునే అవకాశం ఇవ్వడం. బాగా తెలిసిన పాట పాడుతూ చివరి మాట దగ్గర ఆగిపోయి, వాడి నోటి నుంచి అది వచ్చేదాకా చూడటం. తారంగం ఆడించే తాతయ్యలకు ఈ చివరిది ఎవరూ నేర్పక్కర్లేదు.

‘బువ్వ’, ‘లాల’, ‘జోజో’ లాంటి ముద్దుమాటలు మానేయాలా అన్నది చాలామంది అడిగే సందేహం. అక్కర్లేదు. పలకడానికి తేలికైన ఆ మాటలు పసివాళ్లకు మొదటి మెట్టు. మెట్టు మీదే ఉండిపోకుండా చూస్తే చాలు. అలాగే మూడేళ్ల పిల్లాడు రాముణ్ని ‘లాముడు’ అంటే కంగారు అనవసరం. ర, ళ, ణ లాంటి ధ్వనులు ఆలస్యంగా కుదురుకుంటాయి. పలుకు తేడా వేరు, భాష ఆలస్యం వేరు.

పని చేస్తుందా?

చేస్తుంది, హద్దులతో. మేగన్ రాబర్ట్స్, ఆన్ కైజర్ 2011లో 18 అధ్యయనాలను కలిపి చూశారు. శిక్షణ పొందిన తల్లిదండ్రుల పిల్లలు, మాటలు అర్థం చేసుకోవడంలోనూ మాట్లాడటంలోనూ మెరుగయ్యారు. నేరుగా థెరపిస్టు చేసిన చికిత్సతో పోల్చినా చాలా అంశాల్లో తీసిపోలేదు.

మన పరిస్థితులకు దగ్గరగా ఉన్నది పాస్ అనే ప్రయోగం. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లల కుటుంబాలతో దాన్ని నిర్వహించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. అందులో తల్లిదండ్రులకు కోచింగ్ ఇచ్చింది స్పీచ్ థెరపిస్టులు కాదు, శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు. పిల్లల స్పందనకు తగ్గట్టు మెలగడం తల్లిదండ్రుల్లో పెరిగింది, పిల్లలు తమంతట తాము సంభాషణ మొదలుపెట్టడం కూడా పెరిగింది. అయితే ఇద్దరూ కలిసి ఒకే విషయం మీద దృష్టి నిలిపే సమయం మాత్రం తగ్గింది. ఈ రెండో ఫలితాన్ని ప్రచార కరపత్రాల్లో ఎవరూ రాయరు. కార్యకర్తలతో చేయించవచ్చన్నది రుజువైంది, అన్నీ బాగుపడతాయన్నది కాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2 నుంచి 9 ఏళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం ఇలాంటి శిక్షణనే రూపొందించింది. తొమ్మిది బృంద సమావేశాలు, మూడుసార్లు ఇంటికి రావడం. నిపుణులు కానివాళ్లే దాన్ని నడపొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తల్లిదండ్రుల పాత్ర గురించి మాట్లాడిన ప్రతిసారీ తప్పు తల్లి మీదికి జారిపోయే ప్రమాదం ఉంది. 1995లో అమెరికాలో హార్ట్, రిస్లీ కేవలం 42 కుటుంబాలను గమనించి, పేదింటి పిల్లలు నాలుగేళ్లు నిండేసరికి మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని అంచనా కట్టారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. 2019లో డగ్లస్ స్పెర్రీ బృందం ఇతర సమాజాల్లో చూస్తే అంత తేడా కనిపించలేదు. అమ్మ నేరుగా పిల్లాడితో అన్న మాటలే కాక, చుట్టూ ఉన్నవాళ్ల మాటలు కూడా లెక్కలోకి తీసుకుంటే చిత్రం మారింది. ఉమ్మడి కుటుంబాలు, వాకిట్లో కబుర్లు ఉన్న మన ఇళ్లకు ఆ తేడా చాలా పెద్దది. భాష ఆలస్యమైన పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు ఏ తప్పూ చేయలేదు. కోచింగ్ అవసరమైంది వాళ్ల పెంపకం చెడ్డదని కాదు, ఈ పిల్లాడికి మామూలు కంటే ఎక్కువ సాయం కావాలి కాబట్టి.

తమిళం గదిలో తెలుగు పిల్లాడు

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 6 శాతం. వాళ్లలో ఎక్కువమంది యానాంలో ఉన్నా, పుదుచ్చేరి పట్టణంలోనూ తరాలుగా స్థిరపడిన కుటుంబాలు, కొత్తగా వచ్చినవాళ్లు ఉన్నారు. ఇలాంటి ఇళ్లకు తరచూ వినపడే సలహా: ‘ఇన్ని భాషలైతే పిల్లాడు తికమక పడతాడు. ఒక్కటే మాట్లాడండి.’ ఆ ఒక్కటీ సాధారణంగా బడి భాషే అవుతుంది. అంటే తమిళమో ఇంగ్లిషో. పుదుచ్చేరి ప్రభుత్వ బడులు సీబీఎస్ఈకి మారాక ఇంగ్లిష్ వైపు లాగుడు మరింత పెరిగింది.

ఈ సలహాకు పరిశోధనల మద్దతు లేదు. రెండు భాషలు వినడం వల్ల భాష ఆలస్యం కాదు. పిల్లాడికి తెలుగులో ఆరు, తమిళంలో ఐదు మాటలు వస్తే వాడికి పదకొండు మాటలు వచ్చినట్టే లెక్క. అన్నిటికీ మించి, ఈ సలహా కోచింగ్ మూలాన్నే తెంచేస్తుంది. వచ్చీరాని ఇంగ్లిష్‌లో అమ్మ ‘కమ్, సిట్, ఈట్’ అనగలదు గానీ కబుర్లు చెప్పగలదా? బుజ్జగించగలదా, పేచీ పెట్టుకోగలదా? ఆ పిల్లాడికి దొరికే భాషే కుదించుకుపోతుంది. యానాం నుంచి ఫోన్ చేసే అమ్మమ్మ వాడికి పరాయి అవుతుంది.

భాషను అంచనా వేయడంలోనూ ఇబ్బంది ఉంది. రెండేళ్లకు 50 మాటలు, రెండు మాటలు కలపడం అన్న కొలత ఇంగ్లిష్ నుంచి వచ్చింది. అమెరికా సీడీసీ 2022లో తన పట్టికను సవరించి ఆ 50 మాటలను రెండున్నరేళ్లకు జరిపింది. దాని మీద అక్కడి స్పీచ్ థెరపిస్టులే అభ్యంతరం చెప్పారు. తెలుగులో సమస్య ఇంకొకటి. ‘వచ్చాడు’ ఒక్క మాటే. కానీ అందులో పని ఉంది, కాలం ఉంది, చేసింది మగవాడన్న సంగతీ ఉంది. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ మధ్య తేడా పాటించే పిల్లకు వ్యాకరణం వస్తోందని తెలుగు తెలిసినవాళ్లు గుర్తుపడతారు. తెలియనివాళ్లు ‘ఒక్కో మాటే అంటోంది’ అని రాసుకుంటారు. మన దేశంలో తయారైన కొలమానాలు లేకపోలేదు. తిరువనంతపురం చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ రూపొందించిన లెస్ట్ అలాంటిదే. అయినా దాన్ని వాడే మనిషికి పిల్లాడి భాష తెలియాలి, లేదా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. రెండోది ఈరోజే చేయొచ్చు.

ఉన్నవేంటి, లేనివేంటి

నిజానికి పుదుచ్చేరి ఈ విషయంలో చాలా ఊళ్ల కంటే అదృష్టవంతురాలు. గోరిమేడులో జిప్‌మర్ ఉంది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, స్పీచ్ థెరపీ సహాయకులను తయారుచేయడానికి 2007-08లో మొదలుపెట్టిన దూరవిద్య డిప్లొమాకు జిప్‌మర్ ఒక కేంద్రంగా ఉండేది. చిత్రా షా నాయకత్వంలో 2003లో మొదలైన సత్య స్పెషల్ స్కూల్ పట్టణంలో ఉంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చెన్నై వైపు వంద కిలోమీటర్లకు పైగా వెళ్తే ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. 2021 జూన్‌లో కేంద్రం ఒకేసారి ప్రారంభించిన 14 ప్రారంభ చికిత్సా కేంద్రాల్లో అదీ ఒకటి, సికింద్రాబాద్‌ది ఇంకొకటి.

పిల్లలను గుర్తించే ఏర్పాటూ ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ పిల్లలను పరీక్షించాలి. చూడాల్సిన 30 సమస్యల జాబితాలో ‘భాష ఆలస్యం’ పేరు పెట్టి మరీ ఉంది.

చిక్కు గుర్తించిన తర్వాత. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ‘వాక్, భాషా వైకల్యం’ చేర్చింది. కానీ దాని నిర్వచనం చదివితే, స్వరపేటిక తొలగింపు, అఫేసియా లాంటి కారణాలతో వచ్చిన శాశ్వత వైకల్యం అని ఉంటుంది. అంటే గొంతు క్యాన్సర్ ఆపరేషన్ అయిన పెద్దాయన, పక్షవాతంతో మాట పోయిన పెద్దావిడ. మూడేళ్లకు పది మాటలున్న పిల్లాడు ఆ వాక్యంలో ఇమడడు. లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులిచ్చే నిరామయ బీమా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకు వర్తిస్తుంది. భాష మాత్రమే ఆలస్యమైన పిల్లాడికి వర్తించదు. ఒక ప్రభుత్వ పథకం సమస్య అని గుర్తించిన పిల్లాడు ఇంకో చట్టం దృష్టిలో కనిపించడు. సర్టిఫికెట్ లేదు, డబ్బు లేదు. ప్రైవేటు థెరపీకి వారం వారం జేబులోంచి తీయాలి. కూలికి వెళ్లే అమ్మకు క్లినిక్‌కు వెళ్లిన పూట కూలి కూడా పోతుంది.

ఇలాంటి పిల్లల సంఖ్య తక్కువేమీ కాదు. హైదరాబాద్ సహా ఐదు చోట్ల 3,964 మంది పిల్లలను పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, 2 నుంచి 6 ఏళ్లలోపు వాళ్లలో 9.2 శాతం మందిలో ఏదో ఒక నాడీ వికాస సమస్య కనిపించింది. భాషా సమస్యలు అందులో ఒక భాగం.

తల్లిదండ్రుల కోచింగ్‌ను చౌక ప్రత్యామ్నాయంగా చూడటం ఇక్కడే మొదలవుతుంది. థెరపిస్టులు చాలరు కాబట్టి అమ్మలకు నేర్పేద్దాం అన్న ధోరణి. అది మోసం. కోచింగ్‌కు థెరపిస్టు సమయం కావాలి, ఆ సమయానికి జీతం కావాలి, మళ్లీ మళ్లీ కలవాలి. ఒక కరపత్రం చేతిలో పెట్టి పంపిస్తే అది కోచింగ్ కాదు. ఇంకొకటి, ‘తల్లిదండ్రులు’ అని రాసినా పని పడేది అమ్మ మీదే. వంట, ఉద్యోగం, ఇంకో పసిబిడ్డ మధ్య ‘రోజూ అరగంట ఆడండి’ అన్నది ఇంకో బరువు. మంచి కోచింగ్ కొత్త అరగంట అడగదు, స్నానం చేయించే పది నిమిషాలనే వాడుకుంటుంది. ఆ స్నానం నాన్న చేయిస్తే ఆయన్నే కూర్చోబెడుతుంది.

అన్నిటికంటే ముందు వినికిడి పరీక్ష. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడు, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడు కాబట్టి చెవులు బాగున్నాయని ఇంట్లో తేల్చేయడం ప్రమాదం. కొన్ని శబ్దాలు వినిపించి, మాటల్లోని సన్నని ధ్వనులు వినిపించని పిల్లలుంటారు. మధ్య చెవిలో నీరు చేరి కొన్ని నెలల పాటు వినికిడి తగ్గే పిల్లలూ ఉంటారు. చెవి సంగతి తేలకుండా ఏడాది కోచింగ్ ఇచ్చినా వృథా. వేలితో చూపించకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

యానాం వైపు నుంచి

పుదుచ్చేరి పాలనలోనే ఉన్నా యానాం ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల, కాకినాడ పక్కన ఉంది. థెరపీ కోసం వారానికి రెండుసార్లు పుదుచ్చేరి రావడం కుదిరే పని కాదు. 2024 ఫిబ్రవరిలో అక్కడ జిప్‌మర్ మల్టీ స్పెషాలిటీ కన్సల్టింగ్ యూనిట్ ప్రారంభమైంది. భాష విషయంలో ఆ చిన్న ఊరికి ఒక బలం ఉంది. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, అమ్మ, పిల్లాడు, నలుగురిదీ ఒకే తెలుగు. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2023 నవంబర్‌లో విడుదల చేసిన దివ్యాంగ బాలల అంగన్‌వాడీ ప్రోటోకాల్, గుర్తించడం, కుటుంబానికి అండగా నిలవడం రెండూ అంగన్‌వాడీ పనేనని చెబుతోంది. గోవాలో ఆరోగ్య కార్యకర్తలు చేసినదాన్ని ఇక్కడ చేయించడానికి కావాల్సింది శిక్షణ, పర్యవేక్షించే ఒక తెలుగు స్పీచ్ థెరపిస్టు, వాళ్లిద్దరికీ సరైన వేతనం. ఇప్పటికే రిజిస్టర్లు, పోషణ్ యాప్ పనితో సతమతమయ్యే టీచరు మీద ఇదీ ఉచితంగా వేస్తే ఇంకో కాలమ్‌లో టిక్కు మాత్రమే పడుతుంది.

ఆ తెలుగు థెరపిస్టు యానాంలోనే ఉండాలని లేదు. కోచింగ్‌లో చూడాల్సింది అమ్మ, పిల్లాడు కలిసి ఆడుకునే ఐదు నిమిషాల వీడియో. అది హైదరాబాద్ నుంచైనా విశాఖ నుంచైనా చూడొచ్చు. అదే ఏర్పాటు లాస్‌పేటలోని మన కుటుంబానికీ పనికొస్తుంది. తమిళ గదిలో తెలుగు పిల్లాడి కష్టం అప్పుడు సగం తీరుతుంది.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం వేళ రైమ్స్ ఆపమని థెరపిస్టులు చెప్పేదీ అందుకే. అమ్మమ్మతో వీడియో కాల్ మాత్రం ఆ లెక్కలోది కాదు. అక్కడ అవతలి మనిషి బదులిస్తుంది. ఇవతల పిల్లాడు కాకిని చూపించి ‘కావ్’ అంటే, ఫోన్‌లో అమ్మమ్మ ‘కాకి వచ్చిందా? ఏదీ, నాకు చూపించు’ అంటుంది. వాడు ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెడతాడు.